మొలకలను మొదట్లో కొరికి పడేసే పురుగు దున్నిన నేలలోకి ఎక్కడి నుంచి వస్తుంది?

పచ్చని చాలు (ప్రశ్న):

నమస్కారం. మొక్కజొన్న మొలకలు మూడు నాలుగు ఆకులు తొడిగిన దశలో, కొన్ని చాళ్లలో ప్రతి ఉదయమూ మొక్కలు నేలమట్టానికి తెగి పడి ఉంటున్నాయి. ఆకులను పెద్దగా తిన్న జాడ లేదు. మొక్క చాలావరకు అక్కడే వాడిపోయి ఉంటోంది, కొన్నింటి ఆకులు మాత్రం మట్టిలోని చిన్న బొరియలోకి సగం లాగినట్టు కనిపిస్తున్నాయి. పక్కనే మట్టిని వేళ్లతో గీకి చూస్తే, రెండు మూడు సెంటీమీటర్ల లోతులో, జిడ్డు పూసినట్టుండే బూడిద నలుపు పురుగు చుట్ట చుట్టుకుని ఉంది. అగ్రోటిస్ ఇప్సిలాన్ అనే నల్ల కట్‌వార్మ్ లక్షణాలు దీనికి సరిపోతున్నట్టుంది గానీ, నిర్ధారించుకోవాలని ఉంది.

నన్ను ఎక్కువగా తికమక పెడుతున్న విషయం వేరే. విత్తడానికి కొద్ది రోజుల ముందే కలుపంతా దున్ని తీసేసిన నేల అది. పంట మొలిచి ఎంతో కాలం కాలేదు. పచ్చని ఆకు ఒక్కటీ లేని నేలలోకి ఇంత ఎదిగిన పురుగులు ఎక్కడి నుంచి వచ్చాయి? రెక్కల పురుగు ఎప్పుడు వచ్చి, ఎక్కడ గుడ్లు పెట్టి ఉంటుంది? దాని జీవితచక్రమూ అలవాట్లూ తెలిసినవారు కాస్త వివరంగా రాస్తే, ఏ దశలో అడ్డుకోవచ్చో ఆలోచించుకోవడానికి వీలవుతుంది.

భూతద్దం:

మీ తికమకకు ముందు సమాధానం చెప్పి, తరువాత గుర్తింపు సంగతికి వస్తాను. మీరు కలుపు దున్నేనాటికే ఆ పురుగులు నేలలో ఉన్నాయి. తల్లి పురుగు గుడ్లు పెట్టింది మీ పంట మీద కాదు, పంట కంటే ముందు ఆ నేలను కప్పి ఉన్న కలుపు మీద.

ఈ రెక్కల పురుగుకు నున్నగా దున్నిన నేల నచ్చదు. నేలను అంటిపెట్టుకుని దట్టంగా పెరిగే కలుపు మొక్కల కింది ఆకుల మీద, కాడల మీద, తేమ పట్టి ఉన్న పాత పంట చెత్త మీద ఒక్కొక్కటిగానో చిన్న చిన్న గుంపులుగానో గుడ్లు పెడుతుంది. గుడ్డు వెడల్పు అర మిల్లీమీటరు పైచిలుకు మాత్రమే. పెట్టినప్పుడు తెల్లగా ఉండి, క్రమంగా గోధుమ రంగుకు తిరుగుతుంది. భూతద్దంలో చూస్తే పై నుంచి కిందికి సన్నని గీతలు కనిపిస్తాయి. ఒక్కో తల్లి పురుగు 1,200 నుంచి 1,900 దాకా గుడ్లు పెట్టగలదు. వాతావరణం వెచ్చగా ఉంటే అవి 3 నుంచి 6 రోజుల్లో పొదుగుతాయి.

గుడ్డు నుంచి బయటపడిన పిల్ల పురుగు పొడవు 3 మిల్లీమీటర్ల పైన కొద్దిగా ఉంటుంది. అక్కడి నుంచి అది 5 నుంచి 9 దశలు, సాధారణంగా 6 లేదా 7 దశలు దాటుతూ, దశ దశకూ కుబుసం విడుస్తూ, దాదాపు 5 సెంటీమీటర్ల దాకా పెరుగుతుంది. దీనికి 28 నుంచి 35 రోజులు పడుతుంది. చలి ఎక్కువైతే ఇంకా ఆలస్యమవుతుంది. మొదటి మూడు దశల్లో అది పగలైనా రాత్రైనా మొక్క మీదే ఉండి, ఆకులను గీకి, సూది గుచ్చినంత చిన్న చిల్లులు చేస్తుంది. కలుపు ఆకుల మీద అలాంటి చిల్లులను ఎవరూ పట్టించుకోరు కదా. నాలుగో దశకు వచ్చేసరికి దాని నడవడి మారిపోతుంది. వెలుతురంటే పడదు. పగలంతా మట్టిలో దాక్కుని, చీకటి పడ్డాక బయటికి వచ్చి, మొలకల మొదళ్లు కొరకడం మొదలుపెడుతుంది.

ఇప్పుడు లెక్క చూడండి. మొక్కను తెంపగలిగిన పురుగు అప్పటికే గుడ్డు దశ దాటి, మూడు దశలు గడిపి వచ్చింది. మొక్కజొన్న మొలవడానికి పట్టిన రోజులూ, మూడు నాలుగు ఆకులు తొడగడానికి పట్టిన రోజులూ అందులోంచి తీసివేస్తే, గుడ్లు పడింది విత్తనం నేలలో పడక ముందో, అటూ ఇటూగా ఆ రోజుల్లోనో అని తేలుతుంది. కలుపు దున్నినప్పుడు చిన్నా చితకా పురుగులు కొన్ని చచ్చినా, మిగిలినవి నేలలో కలిసిన పచ్చి ఆకును తింటూ బతికి ఉంటాయి. మీ పంట మొలిచేనాటికి ఆ ఆకు కుళ్లిపోవడమో ఎండిపోవడమో జరిగి, మొలక తప్ప వాటికి వేరే దిక్కు లేకపోయింది.

ఒక పురుగు జీవితకాలంలో సుమారు 400 చదరపు సెంటీమీటర్ల ఆకు తింటుంది. అందులో 80 శాతానికి పైగా చివరి దశలోనే తింటుంది, దానికి ముందు దశలో మరో పది శాతం దాకా. అంటే తొలి మూడు నాలుగు వారాల మేత అంతా కలిపినా లెక్కలోకి రానంత తక్కువ. మీకు నష్టం ఒక్కసారిగా మీద పడినట్టు అనిపించడానికి కారణం ఇదే. పైగా ఇది తినేది తక్కువ, పాడు చేసేది ఎక్కువ: ఒక మొక్కను కొరికి, కాస్త నమిలి, బొరియలోకి కొంత లాక్కుని, మరునాటి రాత్రి పక్క మొక్క దగ్గరికి పోతుంది. చాలులో వరుసగా మూడు నాలుగు మొక్కలు పోవడం అందుకే కనిపిస్తుంది. ఒకే చోట ఎక్కువ పురుగులుంటే ఒకదాన్నొకటి తినేస్తాయి కూడా. ఒక్కో మొక్క దగ్గర సాధారణంగా ఒకే పెద్ద పురుగు దొరకడానికి అది కూడా ఒక కారణం.

ఎదిగిన పురుగు 3 నుంచి 12 సెంటీమీటర్ల లోతులో మట్టి గది చేసుకుని ప్యూపాగా, అంటే రెక్కలు వచ్చే ముందు మేత మాని కదలక ఉండే దశకు, మారుతుంది. ముదురు గోధుమ రంగులో, సుమారు 2 సెంటీమీటర్ల పొడవుండే ఆ ప్యూపా నుంచి 12 నుంచి 20 రోజుల్లో రెక్కల పురుగు వస్తుంది. బయటికి వచ్చిన వెంటనే అది గుడ్లు పెట్టదు. దానికి ఇంకా వారం పది రోజులు కావాలి. ఈ దశలన్నీ కూడితే, గుడ్డు నుంచి మళ్లీ గుడ్డు దాకా వాతావరణాన్ని బట్టి సుమారు 50 నుంచి 70 రోజులు పడుతుంది.

గుర్తింపు విషయానికి వస్తే, దగ్గర భూతద్దం ఉంటే దొరికిన పురుగు వీపు మీద, శరీరం మధ్య భాగంలోని ఏదైనా ఒక ఖండాన్ని చూడండి. అక్కడ నాలుగు నల్లని చుక్కలుంటాయి. వెనుక జత చుక్కలు ముందు జత కంటే స్పష్టంగా పెద్దవిగా ఉండి, చర్మమంతా చిన్నా పెద్దా గింజలు పరిచినట్టు గరుకుగా కనిపిస్తే, అది నల్ల కట్‌వార్మ్ అనుకోవచ్చు. కత్తెర పురుగైతే తల మీద తిరగేసిన ఆంగ్ల వై అక్షరం వంటి తెల్లని గీత, తోక దగ్గరి ఖండం మీద చతురస్రంలా అమరిన నాలుగు చుక్కలు ఉంటాయి. అది మొవ్వులో కూర్చుని ఆకులను తింటుంది గానీ, పగలు మట్టిలో చుట్ట చుట్టుకుని పడుకోవడం దాని పద్ధతి కాదు. పొగాకు లద్దె పురుగు గుడ్లను గుంపుగా పెట్టి, వాటి మీద తన ఒంటి నూగు కప్పుతుంది. నల్ల కట్‌వార్మ్ గుడ్ల మీద అలాంటి కప్పు ఉండదు.

దుక్కి:

ఇంత లోతుకు వెళ్లనవసరం లేదనుకుంటాను. విత్తే ముందు రోజు ఇంకొకసారి దున్నితే పురుగులూ ప్యూపాలూ పైకి వస్తాయి, పక్షులు ఏరుకుని తింటాయి, ఎండకు మిగిలినవి చస్తాయి. లోతు దుక్కిని మించిన మందు ఏముంది?

మడికట్టు:

దుక్కి గారూ, దున్నడం మంచిదే, పక్షులు తినడమూ నిజమే. కానీ ఈ పురుగు విషయంలో దున్నామా లేదా అన్నదానికంటే ఎప్పుడు దున్నామన్నది ముఖ్యం. భూతద్దం గారు చెప్పినట్టు, కలుపు మీద పురుగులు సగం ఎదిగి ఉన్న సమయంలో కలుపును తీసేసి, మరునాడే విత్తనం వేస్తే, ఆకలితో ఉన్న పురుగులకు సరిగ్గా వేళకు మొలక అందించినట్టవుతుంది. కలుపు మందు కొట్టి చంపినా ఇదే తంతు. కలుపు మెల్లగా ఎండుతున్నంత సేపూ పురుగు దాని మీదే ఉండి, అది ఎండాక పంట మీదికి పాకుతుంది. విత్తడానికి కనీసం రెండు మూడు వారాల ముందే కలుపు లేకుండా చేయగలిగితే, ఒకవైపు తల్లి పురుగుకు గుడ్లు పెట్టే చోటు ఉండదు, మరోవైపు అప్పటికే పొదిగిన పిల్లలకు తిండి ఉండదు. చిన్న పురుగులు ఆకలికి తట్టుకోలేవు.

గట్ల మీద, చేను అంచుల్లో ఉన్న కలుపును పంట మొలిచాక తొందరపడి కోసేయడం కూడా మంచిది కాదు. అక్కడున్న పురుగులు అంచు చాళ్లలోకి దిగుతాయి. అందుకే కొన్ని పొలాల్లో నష్టం అంచు నుంచి లోపలికి పాకినట్టు ఉంటుంది, మరికొన్నింటిలో పల్లంగా తేమ నిలిచే మడుల్లోనే కనిపిస్తుంది. పచ్చని చాలు గారు తమ చేనులో ఏ చాళ్లలో ఎక్కువగా పోతున్నాయో చూసుకుంటే, గుడ్లు ఎక్కడ పడ్డాయో కొంత అర్థమవుతుంది.

చీకటి రెక్కలు:

అందరూ పురుగు గురించే రాశారు, రెక్కల పురుగుకు కూడా కాస్త చోటివ్వండి. రాత్రిపూట దీపాల దగ్గర దీన్ని గమనించడం నాకు అలవాటు, అందుకే ఈ పక్షపాతం.

రెక్కలు చాపితే ఈ కొస నుంచి ఆ కొసకు 40 నుంచి 55 మిల్లీమీటర్లుంటుంది. ముందు రెక్కల మూడింట రెండు వంతులు ముదురు గోధుమ రంగులో, అంచు వైపు భాగం లేత రంగులో ఉంటాయి. రెక్క మధ్యలో మూత్రపిండం ఆకారపు మచ్చ, దాన్ని ఆనుకుని బయటి వైపుకు చూసే నల్లని బాకు వంటి గీత కనిపిస్తే ఇక అనుమానం అక్కరలేదు. వెనుక రెక్కలు తెలుపు, బూడిద రంగుల మధ్య ఉండి, వాటి ఈనెలు ముదురుగా ఉంటాయి. మగదాని మీసాలు ఈకల్లా, ఆడదాని మీసాలు దారంలా ఉంటాయి. 1766లో హుఫ్నాగెల్ దీన్ని మొదట శాస్త్రీయంగా వర్ణించాడు.

పగలు ఇది ఆకుల చెత్త కింద, మట్టి పెళ్లల నీడలో కదలకుండా ఉంటుంది. చీకటి పడ్డాక పూలలోని తేనె తాగుతుంది, జత కడుతుంది, గుడ్లు పెడుతుంది. దీనికి పంటతో నేరుగా ఏ పేచీ లేదు. నష్టమంతా దాని పిల్లలదే.

ఇది గొప్ప ప్రయాణికురాలు. చలి తీవ్రంగా ఉండే చోట్ల ఏ దశలోనూ శీతకాలం గడపలేదు. ఉత్తర అమెరికాలో ప్రతి వసంతంలోనూ దక్షిణాన గల్ఫ్ తీరం వైపు నుంచి బయలుదేరి, రాత్రి గాలుల వాలులో ఉత్తరాన మొక్కజొన్న పండే ప్రాంతాలకు చేరుతుంది. గుర్తు పెట్టి వదిలిన పురుగులు వెయ్యి కిలోమీటర్లకు పైగా దూరంలో తిరిగి దొరికాయి. దీని బంధువు, ఆస్ట్రేలియాలోని బొగాంగ్ మాత్ కథ ఇంకా విచిత్రం. అది కూడా పిల్లగా ఉన్నప్పుడు పంట మొదళ్లు కొరికే పురుగే. రెక్కలు వచ్చాక వసంతంలో వందల కిలోమీటర్లు ఎగిరి ఆస్ట్రేలియన్ ఆల్ప్స్ పర్వతాలకు చేరి, చల్లని గుహల గోడలను పెంకులు పరిచినట్టు కప్పేసి వేసవంతా నిద్రపోయి, చలికాలం ముందు తిరిగి వచ్చి గుడ్లు పెడుతుంది. దాని సంఖ్య బాగా పడిపోవడంతో 2021లో అంతర్జాతీయ ప్రకృతి పరిరక్షణ సంఘం దాన్ని అంతరించే ముప్పు ఉన్న జీవుల జాబితాలో చేర్చింది. పంటకు చీడ అయిన జీవి కాపాడుకోవలసిన జీవి కూడా కావచ్చునన్నమాట.

మన విషయానికి వస్తే, ఈ వలస గుణం వల్ల ఒక మేలు ఉంది: రాకను ముందుగా పసిగట్టవచ్చు. ఆడ పురుగు వదిలే వాసనను పోలిన ఎరతో లింగాకర్షక బుట్టలు పెడితే మగ పురుగులు పడతాయి. అమెరికాలోని మొక్కజొన్న ప్రాంతాల్లో, ఒక బుట్టలో వరుసగా రెండు రాత్రుల్లో 9 లేదా అంతకంటే ఎక్కువ పడితే దాన్ని పెద్ద రాకగా లెక్కిస్తారు. ఆ రోజు నుంచి ప్రతి రోజు సగటు ఉష్ణోగ్రతలో 10 డిగ్రీల సెల్సియస్‌ను తీసివేసి, మిగిలినదాన్ని కూడుతూ పోతారు. ఆ మొత్తం సుమారు 167 డిగ్రీ దినాలకు చేరేసరికి పురుగులు మొక్కలు తెంపే దశకు వస్తాయని అంచనా. ఉదాహరణకు పగటి గరిష్ఠం 26, రాత్రి కనిష్ఠం 14 డిగ్రీలైతే సగటు 20, ఆ రోజు లెక్కకు వచ్చేది 10. అదే వాతావరణం నిలకడగా ఉంటే 17 రోజుల్లో తెంపడం మొదలవుతుంది. బుట్టలో ఎన్ని పడ్డాయన్నది నష్టం ఎంతో చెప్పదు. ఎప్పటి నుంచి చేనులోకి దిగి మొక్కలు చూసుకోవాలో మాత్రం చెబుతుంది, దాని విలువ అంతవరకే.

పచ్చని చాలు:

అందరికీ ధన్యవాదాలు. భూతద్దం గారు చెప్పిన చుక్కలు చూశాను. వెనుక జత పెద్దదిగానే ఉంది. నష్టం ఎక్కువగా పల్లపు చాళ్లలోనే ఉందన్న మడికట్టు గారి మాట కూడా నిజమైంది. ఇంకొక సంగతి గమనించాను. తేమ ఉన్న చాళ్లలో మొక్కలు నేల మీద తెగి పడుతుంటే, మెరకగా పొడిబారిన చాళ్లలో మొక్క నిలబడే ఉండి మొవ్వు మాత్రం వాడుతోంది. పీకి చూస్తే నేల లోపలి కాండానికి చిల్లు ఉంది. ఇది కూడా అదే పురుగు పనేనా? ఇప్పుడు మందు కొట్టడం వల్ల ఉపయోగం ఉందా? తెగిన మొక్కలు తిరిగి చిగురిస్తాయా?

భూతద్దం:

అదే పురుగు పని. పై మట్టి పొడిబారితే అది తేమను వెతుక్కుంటూ లోతుకు పోతుంది, అక్కడి నుంచే కాండాన్ని తొలుస్తుంది. మొక్క ముదిరి కాండం లావెక్కినప్పుడు కూడా పూర్తిగా తెంపలేక ఇలాగే చిల్లు చేసి లోపలికి పోతుంది. పొడి నేలలో పై నుంచి కొట్టిన మందు దానికి సరిగా అందదు. కొట్టక తప్పదనుకుంటే నేల తేమగా ఉన్నప్పుడు, పురుగు పైకి వచ్చే సాయంకాలం వేళ మొక్క మొదళ్లకు తగిలేలా కొట్టినదే పని చేస్తుంది. ఏ మందు, ఎంత మోతాదు అన్నది అక్కడి వ్యవసాయాధికారిని అడిగి, డబ్బా మీద రాసినట్టే వాడండి. తవుడు, తీపి కలిపిన విషపు ఎరను సాయంత్రం చాళ్ల వెంట చల్లడం పాత పద్ధతే అయినా, రాత్రిపూట నేల మీద తిరిగే ఈ పురుగు అలవాటుకు బాగా సరిపోతుంది. అయితే పక్షులూ పశువులూ దాన్ని తినకుండా చూసుకోవడం మీ బాధ్యత.

మొక్క చిగురించడం కొరికిన చోటును బట్టి ఉంటుంది. మొక్కజొన్న పెరిగే మొన అయిదారు ఆకుల దశ దాకా నేల లోపలే ఉంటుంది. దానికి పైన తెగితే చాలా మొక్కలు కోలుకుంటాయి, దాని కింద తొలిస్తే కోలుకోవు. కాబట్టి తేమ చాళ్లలో తెగిపడినవాటికంటే, పొడి చాళ్లలో నిలబడి వాడుతున్నవే నిజానికి పెద్ద నష్టం.

మందు కొట్టాలా వద్దా అన్నది తేల్చుకోవడానికి మొక్కజొన్నలో చాలాకాలంగా ఒక కొండగుర్తు ఉంది. పురుగులు ఇంకా 2 సెంటీమీటర్ల లోపే ఉండి, నూటికి రెండు మూడు మొక్కలు తెగినా వాడినా చర్య తీసుకోవాలి. అంతకంటే పెద్దవైతే నూటికి అయిదు దాకా ఆగవచ్చు, ఎందుకంటే పెద్ద పురుగులకు తినే రోజులు ఎక్కువ మిగలలేదు.

మడికట్టు:

ఒక మాట చేరుస్తాను. నేల మీద పరుగెత్తే నల్లని పెంకు పురుగులు, పురుగు ఒంట్లో గుడ్లు పెట్టే బదనిక ఈగలూ కందిరీగలూ దీన్ని బాగా అదుపు చేస్తాయి. స్టీనెర్నిమా కార్పోకాప్సే అనే మేలు చేసే నులిపురుగులు కూడా తేమ నేలలో దీని మీద పని చేస్తాయి. చేనంతా మందు కొడితే మిత్ర పురుగులు కూడా పోతాయి కనుక, నష్టం ఉన్న పల్లపు మడులకే పరిమితం కావడం మేలు.

భూతద్దం:

మడికట్టు గారి మాటకు నా మద్దతు. పచ్చని చాలు గారూ, ఏదైనా చేసే ముందు తాజాగా తెగిన కొన్ని మొక్కల పక్కన మట్టి తవ్వి, పురుగుల పొడవు కొలిచి చూడండి. ఎక్కువ భాగం 4 సెంటీమీటర్లు దాటి ఉన్నా, గోధుమ రంగు ప్యూపాలు కనిపించడం మొదలైనా, డబ్బు ఖర్చు పెట్టకండి. కొన్ని రోజుల్లో తెంపడం దానంతట అదే ఆగిపోతుంది. వాటి నుంచి వచ్చే రెక్కల పురుగులు ఎదిగిన మొక్కజొన్న మీద కంటే, నేలబారు కలుపు ఎక్కడుంటే అక్కడే గుడ్లు పెట్టడానికి ఇష్టపడతాయి కనుక, చాళ్ల మధ్య కలుపు లేకుండా చూసుకుంటే తరువాతి తరం గురించి ఈ పంటలో పెద్దగా భయపడనక్కరలేదు. ఖాళీలు ఎక్కువగా ఉన్న చోట మళ్లీ విత్తాలనుకుంటే మాత్రం, తవ్విన మట్టిలో పురుగులు ప్యూపాలుగా మారాయని తేలేదాకా ఆగండి, లేకపోతే కొత్త మొలకలు కూడా వాటికే మేత అవుతాయి.